పెద్దాయన లైటు

స్టూడియో వెనుక గది
చలి మొదలైన వారం

అక్కా,

నమస్కారం. ఫోనులో చెప్పవలసిన సంగతిని కాగితం మీద పెడుతున్నందుకు విసుక్కోకు. ఇక్కడి గోడలు పలచన. నేను ముందుగదిలో దగ్గితే మేడ మీద మా అమ్మాయికి వినిపిస్తుంది. ఈ మాటలు తన చెవిన పడకూడదు.

విషయాన్ని వరుసలో పెడతాను. అలా పెట్టకపోతే నాకే అర్థం కాదని నీకు తెలుసు.

ఒకటి. అమ్మాయి ఈత నేర్పడానికి వెళ్ళడం మానేసింది. కొలను, పిల్లల తరగతి, అన్నీ వదిలి మేడ మీది గదిలో కూర్చున్నది.

రెండు. కారణం జుట్టు. ఏడాదిగా పాపిట వెడల్పవుతోంది. పొడిగా ఉన్నంతసేపు దువ్వెనతో సర్దుకునేది. తడిస్తే దాగదు. నీళ్ళలో పనిచేసే మనిషి ఎంతసేపని టోపీ తీయకుండా ఉంటుంది? ఒకనాడు తరగతి ముగిశాక టోపీ తీసి జుట్టు పిండుకుంటూ ఉంటే, గట్టు మీద బల్లపై కూర్చున్న ఒక తల్లి చూసింది. అంటుకునే జబ్బేమోనని తన కొడుకును వేరే తరగతికి మార్పించింది. ఆ మాట గొంతు తగ్గించి కూడా అనలేదట. అమ్మాయి మెడలోని ఈల తీసి కొక్కేనికి తగిలించి ఇంటికి వచ్చేసింది.

మూడు. కారణానికి కారణం నేను. రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయట. వంశంలో వచ్చేదే అన్నది డాక్టరు, నా నెత్తి వైపు ఒక చూపు చూసి. మా ఆవిడ కుట్టుమిషను మీది నుంచి తల ఎత్తకుండానే, "దానికి నా నోరు వచ్చింది, మీ నెత్తి వచ్చింది. మీ నోరూ నా జుట్టూ వచ్చినా బాగుండేది" అన్నది. నవ్వించడానికే అన్నది. నాకు నవ్వు రాలేదు.

నాలుగు. తలకు రాసే మందు తనకు పడలేదు, దురద, పొక్కులు. చివరకు డాక్టరు లేజర్ అన్నది. హెల్మెట్ వంటిది. లోపల బియ్యపు గింజలంత ఎర్రని దీపాలు వరుసగా ఉంటాయి. కాల్చదు, వేడి పుట్టించదు. ఆ వెలుతురుకు నీరసించిన కుదుళ్ళు కొందరిలో తేరుకుంటాయట, అందరిలో కాదట. చచ్చిపోయిన కుదురును ఏ వెలుతురూ లేపదట. ఫలితం తేలాలంటే ఆరు నెలలైనా ఓపిక పట్టాలట.

ఐదు. ఆరు నెలలు మనకు లేవు. వేసవి తరగతులు మొదలయ్యే దాకా పిల్లల తరగతిని ఇంకెవరికీ ఇవ్వనని కొలనులోని పెద్ద కోచ్ అన్నాడు. ఆ తర్వాత ఇచ్చేస్తాడు. ఈ వేసవికి నీళ్ళలోకి దిగకపోతే అమ్మాయి ఆ గదిలోంచి ఇక బయటకు రాదని నా భయం.

నేను బడి మధ్యలో మానేసినవాడిని. లెన్సు, లైటు, రసాయనాలు, అన్నీ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నవే. వెలుతురుతో అయ్యే పని నాకు చేతకాదంటే ఒప్పుకోను. ఇదీ నేర్చుకుంటాను.

నీ తమ్ముడు


ఫ్రేముల కొట్టు
గిరాకీ లేని మధ్యాహ్నం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదువుతుంటే నీళ్ళ పన్ను నోటీసు చదివినట్టుంది. ఒకటి, రెండు, మూడు. ఐదింట్లో ఎక్కడా మా చేపపిల్ల ఏమందో లేదు. డాక్టరు ఏమందో ఉంది, మీ ఆవిడ ఏమందో ఉంది, ఎవరో బల్ల మీద కూర్చున్నావిడ ఏమందో ఉంది. దాని మాటకి ఒక్క నంబరు మిగల్లేదా?

లేజర్ సంగతి నాకు తెలీదు. డాక్టరు చెప్పింది కదా, చేయించు. వెలుతురుకి జుట్టు మొలవడం నేను చూళ్ళేదు గానీ, వెలుతురుకి జుట్టు ఉన్నట్టు కనబడటం మాత్రం నా చేతుల మీదుగా చాలా చూశాను. మామయ్య స్టూడియో గుర్తుందా? జుట్టు పలచబడ్డ ఆసామి గడప ఎక్కగానే మామయ్య గొంతు సవరించుకుని, "పెద్దాయన వచ్చారమ్మా" అనేవాడు. వచ్చినవాడికి పాతికేళ్ళున్నా సరే, పెద్దాయనే. నేను లేచి పైనున్న లైటుని కిందికి దించి పక్కకి జరిపేదాన్ని. వెలుతురు అలా పక్కనుంచి పాకితే ఉన్న నాలుగు వెంట్రుకల నీడా నెత్తిమీద పడి నలభై ఉన్నట్టుండేది. అప్పటికీ చాలకపోతే ప్రింటు మీద నేనే పెన్సిల్‌తో గీసేదాన్ని. నా పెన్సిల్ జుట్టుతో ఎంతమంది ఉద్యోగాలు సంపాదించారో.

ఆ పెద్దాయన లైటు నువ్వు చేపపిల్లకీ నేర్పావు. బడికి పోయే వయసులో నా కొట్టుకొచ్చి, గిరాకీ ఎదురుగానే "అత్తా, పెద్దాయన" అని అరిచి నా పరువు తీసింది. ఆయన ఇప్పటికీ నా కొట్టు గడప తొక్కడు.

ఫోటోలు తీస్తావుగా, ఊరుకోవుగా నువ్వు. కాగితం మీద వేసి పంపు. ఫోను తెర మీద నా కంటికి ఆనవు.

అక్క


స్టూడియో వెనుక గది
చలి ముదిరాక

అక్కా,

ఫోటోలు రెండు ఇందులో ఉన్నాయి. ఒకటి మొదటి వారంది, ఒకటి మొన్నటిది. వాటిని ఎలా తీశానో ముందు చెప్పాలి, లేకపోతే పోలికకు విలువ లేదు.

కళ్ళ డాక్టర్ల దగ్గర గడ్డం ఆనించే పీట ఉంటుంది కదా, అటువంటిది చెక్కతో చేశాను. అమ్మాయి భుజాల మీద తెల్ల తువ్వాలు కప్పుకుని, దాని మీద గడ్డం ఆనించి కూర్చుంటుంది. కెమెరా వెనుకనుంచి, ఎత్తునుంచి, నడినెత్తిని చూస్తుంది. లైటు ముందువైపు ఎత్తున ఉంటుంది. ఏదీ దాచని లైటు. స్టాండు మూడు కాళ్ళ కిందా నేల మీద నల్ల టేపు ముక్కలు అంటించాను. మామయ్య నేర్పినట్టే, నొక్కే ముందు లైటును చూడను, లైటు కాళ్ళు చూస్తాను. చెప్పు అంచుతో ఒక్కో కాలును తాకి, టేపు మీద ఉన్నదని తేల్చుకున్నాకే నొక్కుతాను. ఇన్నేళ్ళలో ఆ పద్ధతి నన్ను మోసం చేయలేదు. తర్వాత ప్రింటు మీద స్కేలు పెట్టి పాపిట కొలుస్తాను.

హెల్మెట్‌ను తనకు పెట్టే ముందు కొన్నాళ్ళు నేనే పెట్టుకుని చూశాను, తలనొప్పి వంటివి వస్తాయేమోనని. మా ఆవిడ చూసి, "మీకు మొలవాలంటే ముందు దున్నాలి" అన్నది. అమ్మాయి నవ్వింది. ఈ చలికాలం మొత్తంలో తను నవ్వినది అదొక్కసారే.

ఇక ఫలితం. స్కేలు చూపినంతలో తేడా లేదు. నిజం చెప్పాలంటే కంటికి రెండో ఫోటోలో పాపిట ఇంకొంచెం విశాలంగానే కనిపిస్తున్నది. దిండు మీద వెంట్రుకలు ఎక్కువయ్యాయి. మొదట్లో కొందరికి అలా రాలవచ్చునని, కంగారు పడవద్దని డాక్టరు అన్నది. కంగారు పడకుండా ఉండటం ఎలాగో మాత్రం చెప్పలేదు.

అమ్మాయి ఏమంటున్నదని అడిగావు. ఏమీ అనడం లేదు. పిలిస్తే దిగి వస్తుంది, గడ్డం ఆనిస్తుంది, ఫోటో అయ్యాక మెట్లెక్కి వెళ్ళిపోతుంది.

వారంలో కొన్ని రోజులే పెట్టాలని హెల్మెట్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నది. ఎక్కువసేపు పెడితే ఎక్కువ మొలవదని డాక్టరూ హెచ్చరించింది. నా జీవితంలో ఏ యంత్రాన్నీ దాని పుస్తకానికి విరుద్ధంగా వాడలేదు. అయినా అక్కా, రోజూ ఉదయమూ సాయంత్రమూ పెట్టడం మొదలుపెట్టాను. ఉదయం పూట స్టూడియో తెరవడం మానేశాను. వేసవి తరుముకొస్తోంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ తమ్ముడు


ఫ్రేముల కొట్టు
ముసురు పట్టిన రోజు

తమ్ముడూ,

ఫోటోలు చూశాను. ఆ తువ్వాలు ఇస్త్రీ చేసి మరీ కప్పావు కదరా.

రెండు పూటలా ఎందుకు పెడుతున్నావు? మా ఇంటికొచ్చి కొత్త మిక్సీ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, అప్పుడు ప్లగ్గు పెట్టినవాడివి నువ్వు. మా ఆయన ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. అలాంటివాడివి పుస్తకం పక్కన పడేశావంటే నాకు దాని జుట్టు గురించి కాదు, నీ గురించి దిగులుగా ఉంది. పొద్దున స్టూడియో మూస్తే అది పైనుంచి చూడదా? తన మూలంగా షట్టరు దిగిందని దానికి తెలీదా?

ఇంకో మాట. నా పాపిట ఎప్పుడైనా చూశావా? నలభై దాటిన దగ్గర్నుంచీ పక్క పాపిట తీస్తున్నాను. ఫ్యాషననుకున్నావా? అమ్మ తలకి గుడ్డ కట్టుకునేది, ఎండకనుకున్నావా? మనింటి ఆడవాళ్ళం ఒకరికొకరం చెప్పుకోలేదు. ఎవరి అద్దం ముందు వాళ్ళం సర్దుకున్నాం. ఈ సంగతి చేపపిల్లకి చెప్పాలనుంది. ఫోన్ చేస్తాను దానికి. నువ్వు తలుపు దగ్గర నిలబడి వినకు.

అక్క


స్టూడియో వెనుక గది
చలి విరిగే రోజులు

అక్కా,

నీ ఉత్తరం నన్ను నొప్పించింది. నీ పాపిట సంగతి నాకు తెలియదు. ఇంతకాలం చూసి కూడా తెలుసుకోలేకపోవడం నా లోపమే. కానీ నీవు సర్దుకున్నావు. నీ పని గాజుతో, చెక్కతో. అమ్మాయి తల నీళ్ళలో ముంచి పైకి తీయాలి, పిల్లలందరి ముందూ, వాళ్ళ తల్లుల ముందూ. సర్దుకోమని చెప్పడం తేలిక. ఆ ఈల కొక్కేనికి వేలాడుతున్నంతకాలం నాకు ముద్ద దిగదు. నా తల తన తలకు వచ్చింది. ఇచ్చినవాడిని నేనే కాబట్టి తీయవలసినవాడినీ నేనే.

ఇంతవరకు వ్రాసి, పోస్టు చేయకుండా ఆపాను. మంచిదే అయింది.

కొత్త ప్రింటు ఇందులో పెట్టాను, చూడు. స్కేలు మూడుసార్లు పెట్టాను. నా కంటి మీద నమ్మకం లేక మా ఆవిడ చేత కూడా పెట్టించాను. అక్కా, పాపిట సన్నబడింది. వెంట్రుక మందం అంతే. కానీ సన్నబడింది. లైటు కాళ్ళు టేపు మీదే ఉన్నాయి, కెమెరా అంగుళం జరగలేదు, తువ్వాలు అదే తువ్వాలు. ఇక ఎందుకు సన్నబడాలి, ఆ ఎర్ర వెలుతురు పనిచేయకపోతే?

అమ్మాయికి చూపించాను. ప్రింటును చేతిలోకి తీసుకోకుండానే "బాగుంది నాన్నా" అన్నది. ఆ వెంటనే, "అయితే ఇంక రెండు పూటలూ అక్కర్లేదుగా, పొద్దున స్టూడియో తియ్యి" అన్నది. సంతోషంతో నోట మాట రాక అలా అన్నదనుకుంటాను. ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు. పనిచేస్తున్నదాన్ని ఎవరైనా ఆపుతారా?

నీ తమ్ముడు


ఫ్రేముల కొట్టు

తమ్ముడూ,

ప్రింటు అందింది. సంతోషం.

లైటు ఏమైనా మార్చావా? ఊరికే అడిగాను.

చేపపిల్లతో మాట్లాడాను. చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నీకెందుకు? పొద్దున స్టూడియో తెరువు.

అక్క


స్టూడియో వెనుక గది
ఎండలు మొదలు

అక్కా,

లైటు మార్చావా అని నన్ను అడిగావు. ఒక చెక్క పనివాడిని కొలబద్ద మార్చావా అని అడిగినట్టుంది. జవాబు చెప్పడానికి కూడా మనసొప్పక ఇన్నాళ్ళు ఊరుకున్నాను. లైటు మారలేదు. కాళ్ళు టేపు మీదే ఉన్నాయి. ఈ మధ్య తీసినవన్నీ పంపుతున్నాను, వరుసగా పేర్చి చూసుకో. వారం వారం పాపిట కొంచెం కొంచెంగా మూసుకుపోతున్నది. ఇంత నెమ్మదిగా, ఇంత క్రమంగా జరిగేది నిజం కాక మరేమిటి?

రెండు సంగతులు జరిగాయి. మొదటిది, క్లినిక్కుకు ఈ ఫోటోలు తీసుకువెళ్ళాను. డాక్టరు సెలవులో ఉన్నది. మేనేజరు చూసి లేచి నిలబడ్డాడు. మొదటిదీ చివరిదీ పెద్దవి చేసి ఇస్తే, రోగులు కూర్చునే హాలులో పక్కపక్కన తగిలిస్తానన్నాడు. ముఖం ఎటూ లేదు కాబట్టి ఎవరిదో తెలియదు. సరేనని ఆ ఫోటోలు అక్కడే ఉంచి వచ్చాను. ఆ హాలులో కూర్చునేవాళ్ళు నాకు తెలుసు. ఒకావిడ ఉంది, ఊడిన వెంట్రుకలను కాగితంలో పొట్లం కట్టి బ్యాగులో పెట్టుకుని వస్తుంది, డాక్టరుకు చూపించడానికి. తన వంతు వచ్చేదాకా ఆ పొట్లాన్ని విప్పి చూసుకుంటూ, మళ్ళీ మడుస్తూ ఉంటుంది. ఎదురుగా గోడ మీద అమ్మాయి నెత్తి కనిపిస్తే ఆ మనిషికి కొంత ఊరట కదా.

రెండవది, వేసవి మొదటి తరగతికి అమ్మాయి వస్తుందని పెద్ద కోచ్‌కు మాట ఇచ్చాను. తనతో ఇంకా అనలేదు. గోడ మీద ఫోటోలు ఎక్కాక తీసుకువెళ్ళి చూపించి, అప్పుడు అడుగుతాను. కాదంటే ఏం చేయాలో నాకు తెలియదు. ఆ ఆలోచన దగ్గరకు రాకుండానే ఇన్ని పనులు పెట్టుకుంటున్నాను. పెద్దవి చేయడం వచ్చే వారం మొదలుపెడతాను.

నీ తమ్ముడు


ఫ్రేముల కొట్టు
నీ ఉత్తరం అందిన పూటే

తమ్ముడూ,

ఇది కూర్చుని చదువు. షట్టరు సగం దించుకో.

ఆ ఫోటోలు ఎక్కడా తగిలించకు.

నువ్వు పంపినవన్నీ కొట్టు బల్ల మీద వరుసగా పేర్చాను. నువ్వు పాపిట చూడమన్నావు. నేను చెవి చూశాను. ఏళ్ళ తరబడి ఇంకొకళ్ళ మొహాల మీద నీడలు దిద్దినదాన్ని, నాకు ముందు నీడే కనబడుతుంది. మొదటి ఫోటోల్లో చెవి నీడ తువ్వాలు మీద వెనక్కి పడింది, పొట్టిగా, గోరంత. తర్వాత్తర్వాత అది పక్కకి తిరిగింది. వారం వారం సాగింది. చివరిదాంట్లో వేలంత పొడుగుంది. జుట్టు పెరిగితే చెవి నీడ ఎందుకు పెరుగుతుందిరా?

నీ లైటు నడుస్తోంది. కాళ్ళతో పాటు టేపు కూడా నడుస్తోంది. నువ్వు చెప్పుతో కాళ్ళు తాకావు, అవి టేపు మీదే ఉన్నాయి, సరిపోయింది. తల ఎత్తి లైటు వైపు ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది, అది వంగి పక్కనుంచి పాకుతోందని.

ఇంక ఎవరు జరిపారో నేను చెప్పక్కర్లేదు. ఆ లైటు పెట్టడం మన ముగ్గురికే తెలుసు. నేను ఇక్కడున్నాను.

ఆనాడు ఫోన్లో నా పాపిట సంగతి చెబితే చాలాసేపు నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది. "అత్తా, నాన్నకి పెద్దాయన లైటు పెట్టాను" అంది. ఎందుకే అంటే, స్కేలు పెట్టిన ప్రతిసారీ నీ మొహం చూడలేకపోయానంది. రెండు పూటలా నువ్వు హెల్మెట్ పట్టుకుని మెట్లెక్కి వస్తున్నావంది. ఇది కూడా అంది, దాని మాట దానిలాగే రాస్తున్నాను: "నేను పోయిన నెలే కొలనుకి వెళ్దామనుకున్నా అత్తా. బ్యాగు సర్దుకున్నా. కిందికొస్తే నాన్న ప్రింటు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాన్న అంత భయపడుతున్నాడంటే, నిజంగా భయపడాల్సిందేనేమో అనిపించి మళ్ళీ పైకెళ్ళిపోయా."

నీకు చెప్పొద్దని మాట తీసుకుంది. ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్నాను. నువ్వు సంతోషంగా ఉన్నావు, స్టూడియో తెరుస్తావేమో, రెండు పూటలు ఒక పూట అవుతుందేమో అనుకున్నాను. ఆ పొట్లం ఆవిడ గురించి రాయకుండా ఉంటే ఇంకా నిలబెట్టుకునేదాన్నేమో. ఆవిడ పొట్లం విప్పి, తల ఎత్తి, గోడ మీద నా పాత మాయ చూస్తుంది. అది నా వల్ల కాదు.

దాన్ని తిట్టకు.

అక్క


స్టూడియో

అక్కా,

నీ ఉత్తరం చదివాక నేల మీద మోకాళ్ళూని టేపు ముక్కలు పీకాను. వాటి పక్కన మురికి పట్టిన నేల మీద, టేపు అతికిన మేర తెల్లని మచ్చలు ఉన్నాయి. మూడేసి చొప్పున, బెత్తెడు బెత్తెడు ఎడంలో, గోడ వైపుగా, మూడు కాళ్ళ మనిషి ఎవరో నడిచి వెళ్ళినట్టు. వాటన్నిటినీ నేను చెప్పు అంచుతో తాకాను. తాకిన ప్రతిసారీ సరిగ్గా ఉన్నదనుకున్నాను.

క్లినిక్కుకు వెళ్ళి ఫోటోలు వెనక్కి తీసుకున్నాను. లైటు తప్పు అని చెప్పాను. మేనేజరు అయినా పరవాలేదన్నాడు. పరవా ఉన్నదన్నాను. ఆ పొట్లం ఆవిడ అక్కడే ఉన్నది. ఆవిడ వైపు చూడలేదు.

తిరిగి వచ్చి, డబ్బాలోని ఫోటోలన్నీ తీసి చెవి నీడ కోసం బల్ల మీద పరిచాను. నీడ నీవు చెప్పినట్టే ఉన్నది. కానీ నాకు వేరొకటి కనిపించింది. చలి మొదలైన దగ్గరనుంచి అమ్మాయిని ఇన్ని ఫోటోలు తీశాను. ఒక్కదానిలోనూ ముఖం లేదు. ఊళ్ళో అందరి ముఖాలూ తీసి బతికేవాడిని నేను.

ఏం చేయాలో తెలియక కాగితం తీసుకున్నాను. ఒకటి అని వ్రాశాను. దాని పక్కన ఏమీ రాలేదు. మేడ మీద తను అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. వేసవి తరగతులు వచ్చేశాయి. తన ముందుకు ఎలా వెళ్ళను?

తమ్ముడు


కొట్టు నుంచి, కార్డు

తమ్ముడూ,

ఒకటి: మేడ ఎక్కు.

రెండు లేదు.

అక్క


కొలను ఎదుటి బల్ల మీద వ్రాసి, స్టూడియోలో ముగించినది
నడి వేసవి

అక్కా,

ఎక్కాను.

తలుపు దగ్గర నిలబడి, నేల చూశానని చెప్పాను. అమ్మాయి మంచం మీద కూర్చుని ఉన్నది. "అత్త చెప్పిందా?" అని అడిగింది. "నీ చెవి చెప్పింది" అన్నాను. అర్థం కాక చేత్తో చెవి తడుముకున్నది. అప్పుడు నాకు నవ్వు వచ్చింది. నవ్వు కాదేమో. తను లేచి వచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టవలసి వచ్చింది.

చాలా మాట్లాడుకున్నాము. అన్నీ వ్రాయను. ఒక్కటి మాత్రం నీవు వినాలి. "టేపు జరిపిన ప్రతిసారీ పట్టుకుంటావనుకున్నా నాన్నా. పట్టుకుంటే తిడతావు, అప్పుడైనా నాతో మాట్లాడతావనుకున్నా. నువ్వు కాళ్ళే చూశావు" అన్నది.

నా భయం సంగతి నేనే ఎత్తాను. తనకిచ్చింది నేను కాబట్టి అన్నాను. తను, "భయపడితే పడు. నా నెత్తిమీద కూర్చుని పడకు. నువ్వు కొంచెం పక్కకి జరిగితే, నాకు నిజంగా ఎంత భయంగా ఉందో చూసుకుంటాను" అన్నది. పక్కకు జరిగాను. గడ్డం ఆనించే పీటను విప్పి మా ఆవిడకు ఇచ్చాను, దారం రీళ్ళు పెట్టుకుంటున్నది. ఉదయం స్టూడియో తెరుస్తున్నాను.

డాక్టరు సెలవు నుంచి వచ్చాక అమ్మాయి తనే ఒంటరిగా వెళ్ళి మాట్లాడి వచ్చింది. జుట్టు కొత్తగా మొలవకపోయినా, ఉన్నది ఉన్నట్టు నిలిచినా ఆ వెలుతురు పనిచేసినట్టే అనుకోవచ్చునట. అది కూడా కొన్నాళ్ళు ఆగితే గాని తెలియదట. హెల్మెట్ తన గదిలోనే ఉన్నది. పెట్టుకుంటున్నదో లేదో నేను అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో నీకు చెప్పలేను. రోజుకు ఎన్నిసార్లు మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వస్తానో మా ఆవిడను అడుగు.

మొదటి తరగతికి తను వెళ్ళలేదు. బ్యాగు సర్దుకున్నది, గడప దాకా వచ్చింది, తిరిగి మెట్లెక్కింది. నేను బతిమాలలేదు. పెద్ద కోచ్ ఆ తరగతిని వేరొకరికి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. అంతా అయిపోయిందనుకున్నాను.

తర్వాత ఒక ఉదయం బ్యాగుతో కిందికి దిగి, "మధ్యాహ్నం రా. కెమెరా తెచ్చుకో. టేపు తేకు" అన్నది. ఎవరూ కోరని తరగతి ఒకటి మిగిలిందట, నడిమధ్యాహ్నం ఎండలో, నీళ్ళంటే జడిసి ఏడ్చే పిల్లలది. తనే అడిగి తీసుకున్నదట.

వెళ్ళాను. గట్టు మీద బల్లపై తల్లులు ఉన్నారు. వెనుకటి ఆ తల్లి కూడా ఉన్నది, దూరంగా, వేరే బల్ల మీద. ఆమె ఏమీ మారలేదు, అదే చూపు. తరగతి చివర అమ్మాయి గట్టు పట్టుకుని నిలబడి టోపీ మీద చెయ్యి వేసింది. తల్లులు కూర్చున్న బల్లల వైపు ఒకసారి చూసింది. టోపీ తీసేసింది. నీళ్ళలోని ఒక బుడతడు ఏడుపు ఆపి, వేలు పెట్టి చూపించి, "టీచర్, మీ తల కనిపిస్తోంది" అన్నాడు. నేను బల్ల మీది నుంచి సగం లేచాను. తను వాడి నోట్లోకి తొంగి చూసి, "నీకు పన్ను లేదు, నాకు జుట్టు లేదు. సరిపోయింది. కాళ్ళు ఆడించు" అన్నది. వాడు కాళ్ళు ఆడించాడు. తను ఈల ఊదింది.

ఎండ నడినెత్తిన ఉన్నది. దాచడానికి ఏ వైపూ నీడ లేని వేళ. ఆ వేళ ఏ ఫోటోగ్రాఫరూ ఎవరినీ ఫోటో తీయడు, మామయ్య అయితే కెమెరా లాక్కునేవాడు. పాపిట పొడుగునా తల తెల్లగా మెరుస్తున్నది. కళ్ళు చికిలించి ఉన్నాయి. ఈల చుట్టూ బుగ్గలు పొంగి ఉన్నాయి. తీశాను.

ప్రింటు ఇందులో పెట్టాను. ఎలాంటి ఫ్రేము వేస్తావో నీ ఇష్టం. గాజు మాత్రం మెరవనిది వెయ్యి. కొట్టుకు వచ్చేవాళ్ళకు కనిపించేలా పెట్టు.

పెన్సిల్ ముట్టుకోకు.

నీ తమ్ముడు